మడమ నొప్పితో డిస్నీ వరల్డ్: నా అనుభవం

నాకు కుడి కాలి మడమ నొప్పి మూడేళ్ళుగా ఉంది. ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. మడమ ఎముక దగ్గర మొదలై కాలివేళ్ళ దాకా అరికాలి కింద తాడు బిగించినట్టు ఒక మందపాటి పట్టీ ఉంటుంది, అది మడమకి అతుక్కునే చోట రోజూ కొద్దికొద్దిగా దెబ్బతినడం వల్ల వచ్చే నొప్పి ఇది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుంటుంది, ఓ ఇరవై అడుగులు వేశాక కాస్త సర్దుకుంటుంది, మళ్ళీ ఓ గంట కూర్చుని లేస్తే మొదటికొస్తుంది. ఇరవై నాలుగేళ్ళు గుంటూరులో లెక్కల టీచరుగా చేశాను. రోజుకి ఐదారు పీరియడ్లు గచ్చు మీద నిలబడి పాఠం, ఇంటికొస్తే గ్రానైట్ మీద వట్టికాళ్ళతో వంట. ఇప్పుడు నాకు యాభై నాలుగు.

మొదట చూపించుకున్న చోట ఎక్స్‌రే తీసి "మడమ ఎముక పెరిగిందమ్మా" అన్నారు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. మూడు నెలలు హాయిగా తిరిగాను. నాలుగో నెలలో నొప్పి మొత్తం తిరిగొచ్చింది. ఇంకోటి వేయించుకోమంటే భయమేసి మా ఆడపడుచు కూతురికి ఫోన్ చేశాను, తను ఫిజియోథెరపిస్టు. "అత్తా, ఆ ఎముక నొప్పి లేనివాళ్ళ ఎక్స్‌రేల్లో కూడా కనిపిస్తుంది, దాని గురించి బెంగ పెట్టుకోకు. ఇంజెక్షన్లు మాటిమాటికీ వేయించుకుంటే మడమ కింద మెత్తగా ఉండే కొవ్వు పలచబడుతుంది, ఒక్కోసారి ఆ పట్టీయే తెగొచ్చు. నేను చెప్పింది ఆరు నెలలు చెయ్యి" అంది. చాలామందికి ఏడాది లోపు ఆపరేషన్ లేకుండానే తగ్గుతుందని కూడా తనే చెప్పింది. చేశాను, బాగా తగ్గింది. తగ్గింది కదా అని మానేశాను, అక్కడే తప్పు చేశాను, మళ్ళీ వచ్చింది. ఇంట్లో కూడా చెప్పులు వేసుకుని తిరగమంది, ఎమ్‌సీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు ఒక జత ఇంట్లోకే విడిగా ఉంచుకోమంది. వంటింట్లో చెప్పులేమిటని మొదట మనసొప్పలేదు. కొత్త జత కొని వాటితో గడప దాటకుండా వాడటం మొదలుపెట్టాక ఆ ఇబ్బంది పోయింది. పూజ గదిలోకి మాత్రం విప్పే వెళ్తాను, అక్కడ పీట మీద కూర్చుంటాను కాబట్టి కాలికి పని లేదు.

ఈ పరిస్థితిలో మా అమ్మాయి దగ్గరికి అట్లాంటా వెళ్ళాం, ఆయనా నేనూ. నేను దిగేసరికే మా అల్లుడు ఫిబ్రవరిలో ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్ వినోద పార్కులకి ట్రిప్ అంతా వేసేసి ఉన్నాడు. ఫిబ్రవరి ఎందుకంటే ఎండ మరీ ఎక్కువ ఉండదు, వేసవి సెలవుల రద్దీ ఉండదు, మా మనవరాలు బుజ్జికి ఐదేళ్ళు నిండాయి. అక్కడ నాలుగు పార్కులున్నాయి: 1971లో మొదట తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్, తర్వాత 1982లో ఎప్‌కాట్, 1989లో హాలీవుడ్ స్టూడియోస్, 1998లో యానిమల్ కింగ్‌డమ్. నాలుగు రోజుల్లో నాలుగు పార్కులు, పొద్దున గేటు తీసేసరికి లోపల ఉండాలి, రాత్రి బాణసంచా ఉన్నచోట అది కూడా చూసి బయటికి రావాలి. ఎక్సెల్ షీటులో గంటల వారీగా రాసుకున్నాడు. అంత ఇష్టంగా చేసుకున్న ప్లాన్ చూసి "బాబూ, నా కాలు దీనికి పనికిరాదు" అని ఎలా చెప్పను? కూతురికైతే చెప్పేదాన్నేమో. అల్లుడు తన డబ్బు పెట్టి తీసుకెళ్తున్నాడు, టిక్కెట్లు చిన్న ఖర్చు కాదు, ఆ మొహమాటంతో నోరు మెదపలేదు. ఆయనకి తెలుసు గానీ "ఇప్పుడు బానే ఉందిలెండి" అని ఆయనకీ అబద్ధం చెప్పాను.

చెప్పకపోయినా నా జాగ్రత్తలో నేను ఉన్నాననుకున్నాను. నెల రోజుల ముందు నుంచీ అమ్మాయి వాళ్ళ కాలనీలో రోజూ రెండు కిలోమీటర్లు నడిచాను. రెండు జతల బూట్లు కొనిపించుకుని, మార్చి మార్చి తొడుక్కుని మెత్తబరిచాను, ఎందుకంటే కొత్త బూట్లతో అక్కడికి వెళ్తే మడమ సంగతి అటుంచి వేళ్ళకి బొబ్బలు లేస్తాయి. మడమ దగ్గర కాస్త ఎత్తుగా, అరికాలి వంపు కింద ఆనే లోపలి అట్టలు పెట్టుకున్నాను. చీరలు పెట్టెలోనే వదిలేసి చుడీదార్లు తీసుకున్నాను. మెట్టు అంచున నిలబడి, వేళ్ళ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మడమ నెమ్మదిగా పైకి లేపి నెమ్మదిగా దించే వ్యాయామం రోజు విడిచి రోజు చేశాను. వీటిలో ఏదీ వృథా కాలేదు. కానీ నేను సిద్ధపడింది నడకకి, అక్కడ ఎదురైంది వేరు.

అట్లాంటా నుంచి ఓర్లాండోకి కారులో ఏడు గంటలు దాకా పడుతుంది. ఐ-75 హైవే మీద రెండు గంటలు వెళ్ళాక ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగితే దిగీ దిగగానే కాలు మోపలేక తలుపు పట్టుకుని నిలబడిపోయాను. "తిమ్మిరెక్కిందా అత్తయ్యా?" అన్నాడు అల్లుడు. "ఆఁ, కూర్చుని కూర్చుని" అన్నాను. తిమ్మిరి కాదు. కూర్చున్నంతసేపూ ఆ పట్టీ ముడుచుకుని బిగుసుకుపోతుంది, లేచి బరువు వేసినప్పుడు ఒక్కసారిగా సాగుతుంది. అదీ సంగతి. ఆ తర్వాత ఆగిన ప్రతిసారీ, ఐదు నిమిషాల ముందే బూటు విప్పి, కూర్చున్న చోటే వేళ్ళు చేత్తో పట్టుకుని వెనక్కి లాగుతూ ఉన్నాను.

మొదటి రోజు మ్యాజిక్ కింగ్‌డమ్. కారు పెట్టాక ట్రామ్ ఎక్కాలి, అది దిగి సరస్సు దాటడానికి మోనోరైలో ఫెర్రీనో ఎక్కాలి, అప్పటికి గానీ పార్కు గేటు రాదు. లోపలికెళ్ళి ఆ కోట ఎదురుగా కనబడగానే బుజ్జి చెయ్యి వదిలించుకుని పరుగెత్తింది, దాని వెనకాల నేనూ గబగబా నడిచాను, ఆ క్షణంలో నొప్పి గుర్తు లేదు, నిజం. పదకొండింటి దాకా బానే ఉంది. తర్వాత క్యూలు మొదలయ్యాయి. నలభై నిమిషాలు, యాభై నిమిషాలు, అంతా నిలబడే. కదిలితే నాలుగు అడుగులు, మళ్ళీ ఆగడం. తిరుమల క్యూలో అయితే కంపార్ట్‌మెంట్లలో కూర్చుంటాం, పిల్లల్ని ఒళ్ళో పడుకోబెడతాం, ఎవరో పాలు తెచ్చిస్తారు. ఏడేళ్ళ కిందట అలిపిరి నుంచి మూడువేల ఐదువందల యాభై మెట్లు ఎక్కినదాన్ని నేను. అప్పుడు కూడా ఇంత కష్టం అనిపించలేదు. నడుస్తుంటే కాలు కాసేపు బరువు మోస్తుంది, కాసేపు గాల్లో ఉంటుంది. కాంక్రీటు మీద కదలకుండా నిలబడితే ఒకే చోట, ఒకే బరువు, గంటల తరబడి. నాలా మడమ నొప్పి ఉన్నవాళ్ళు పార్కుకి వెళ్ళేముందు ఎంత దూరం నడవాలి అని లెక్కేసుకుంటారు. ఎంతసేపు నిలబడాలి అన్నది ముందు లెక్కేసుకోండి.

రాత్రి బాణసంచా కోసం కోటకి ఎదురుగా ఉన్న మెయిన్ స్ట్రీట్ అనే వీధిలో గంట ముందే చోటు పట్టుకున్నాం. ఇరవై నిమిషాలు ఎడమ కాలి మీద నిలబడ్డాను, తర్వాత ఎడమ తుంటి పట్టేసింది. చివరికి జనం మధ్యలోనే పేవ్‌మెంటు అంచు మీద కూర్చుండిపోయాను. మొదలవగానే అందరూ లేచి ముందుకి జరిగారు. నాకు కనబడింది మనుషుల నడుములూ, పిల్లల్ని భుజాలెక్కించుకున్న తండ్రుల వీపులూ. పైన ఆకాశం ఎర్రగా, పచ్చగా మారడం మాత్రం తెలుస్తోంది. బుజ్జి వాళ్ళ నాన్న భుజాల మీంచి వంగి "అమ్మమ్మా, చూశావా! చూశావా!" అని అరుస్తోంది, "చూశానమ్మా" అంటున్నాను. అయిపోయాక లేవలేకపోయాను. ఆయన చెయ్యి పట్టుకుని లేపారు, ఆయనకి అప్పుడర్థమైంది. ఆ రోజు మా అమ్మాయి ఫోన్‌లో పంతొమ్మిదివేల అడుగులు.

హోటల్‌కి వచ్చి స్నానం చేసి కూర్చున్నాను. రాత్రి ఒంటిగంటకి బాత్‌రూమ్‌కి వెళ్ళాల్సొచ్చింది. మంచానికీ బాత్‌రూమ్‌కీ మధ్య పన్నెండు అడుగులుంటాయేమో. మొదటి అడుగుకే కళ్ళ ముందు చీకటి కమ్మింది. మడమ నేలకి ఆనించకుండా మునివేళ్ళ మీద, గోడ పట్టుకుని, గోడ అయిపోయాక టీవీ బల్ల పట్టుకుని, బల్ల అయిపోయాక ఏమీ లేకపోతే కిందకి వంగి మోకాళ్ళ మీద వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు లైటు వెలిగింది. రెండు గదుల మధ్య తలుపు తీసే ఉంచాం, మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. నేను నేల మీద ఉన్నాను.

అది ఏడ్చింది. "ఎప్పట్నుంచమ్మా?" అంది. రెండున్నరేళ్ళు అన్నాను. "తగ్గిందని చెప్పావు కదా ఫోన్‌లో." నా దగ్గర జవాబు లేదు. ఆయన లేచి కూర్చుని "చెప్తే ఏం పోయేది నీకు?" అని ఒక్క మాట అని, గది బయట కారిడార్‌లోకి వెళ్ళి ఐస్ మిషన్ నుంచి బకెట్టు నిండా ఐసు తెచ్చారు. పల్చటి తువ్వాల్లో చుట్టి మడమ కింద పెట్టుకుని పావుగంట కూర్చున్నాను. పొద్దున ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది, మా అల్లుడు అప్పటికే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆ షీటంతా చెరిపేస్తున్నాడు. నాకు గుండె కలుక్కుమంది. "అత్తయ్యా, మీరు ఒక్కసారి చెప్పి ఉంటే నిన్ననే వేరేలా ప్లాన్ చేసేవాణ్ణి కదా. నాకు బాధగా ఉంది, ప్లాన్ పోయినందుకు కాదు" అన్నాడు. ఆ మాటకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాననుకుంటాను.

తను కనుక్కున్న విషయాలు ఇక్కడ చెప్పాలి, నాలాంటి వాళ్ళకి పనికొస్తాయి. డీఏఎస్ అని క్యూలో నిలబడకుండా పేరు రాయించుకుని తర్వాత రమ్మనే సౌకర్యం ఒకటి ఉంది. 2024 నుంచి అది ముఖ్యంగా ఆటిజం వంటి ఎదుగుదల సమస్యలున్నవాళ్ళ కోసం అని మార్చారు, కాలినొప్పికి రాదు. కాలినొప్పికి వాళ్ళు చెప్పే దారి వీల్‌చెయిరో, బ్యాటరీ స్కూటరో. స్కూటర్ అంటే ఒక మనిషి కూర్చుని నెమ్మదిగా నడుపుకునే బ్యాటరీ బండి. పార్కు గేటు దగ్గరే రోజుకింత అని అద్దెకిస్తారు, ముందుగా బుక్ చేసుకోవడం కుదరదు, ఎవరు ముందొస్తే వాళ్ళకి. ఆలస్యంగా వెళ్తే అయిపోతాయి. బయటి కంపెనీలు హోటల్‌కే తెచ్చిస్తాయి కూడా. చాలా క్యూల్లోకి దాని మీద కూర్చునే వెళ్ళొచ్చు. కొన్నిచోట్ల దిగి వీల్‌చెయిర్‌లోకి మారాలి, లేదా బయట పెట్టి నడవాలి.

నేను ససేమిరా అన్నాను. రెండు కాళ్ళూ ఉన్న మనిషిని, నడవగలిగిన మనిషిని, అలాంటి బండి ఎక్కితే నిజంగా నడవలేని వాళ్ళ చోటు లాక్కున్నట్టు కాదా? నలుగురూ ఏమనుకుంటారు? మా వీధిలో ఎవరైనా ఆ ఫోటో చూస్తే? ఇవన్నీ పైకే అన్నాను. మా అమ్మాయి అంతా విని "అమ్మా, రాత్రి నువ్వు మోకాళ్ళ మీద పాకావు" అంది, అంతే. ఇంక మాట్లాడలేదు.

రెండో రోజు ఎప్‌కాట్. గేటు తీసేసరికి వెళ్ళి స్కూటర్ తీసుకున్నాం. హ్యాండిల్ దగ్గర వేళ్ళతో నొక్కే లివరు ఉంటుంది, నొక్కితే కదులుతుంది, వదిలితే ఆగిపోతుంది. మొదటి పది నిమిషాలు చెమటలు పట్టాయి. ఎదుటివాళ్ళు నన్ను చూడకుండా ఫోన్ చూసుకుంటూ అడ్డం వస్తారు, హఠాత్తుగా ఆగిపోతారు, వాళ్ళ మడమలకి నా బండి తగిలితే? మడమ నొప్పి ఏమిటో తెలిసినదాన్ని కాబట్టి నాకు అదే భయం. ఆయన ముందు నడిచారు, నేను ఆయన వెనకే వెళ్ళాను, అలా అలవాటైంది. బుజ్జి నా ఒళ్ళో కూర్చుంటానని గొడవ చేసింది గానీ ఒక్కరికే అనుమతి, అక్కడి అమ్మాయి దానికి నచ్చజెప్పింది. "అమ్మమ్మ బండికి నువ్వు ట్రాఫిక్ పోలీసువి" అంటే సరిపెట్టుకుని రోజంతా చెయ్యి అడ్డం పెట్టి జనాన్ని ఆపింది.

ఎప్‌కాట్‌లో ఒక చెరువు చుట్టూ పదకొండు దేశాల మంటపాలు కట్టారు, మెక్సికో నుంచి కెనడా దాకా. ఒక చుట్టు తిరిగితే రెండు కిలోమీటర్ల దాకా అవుతుంది. "మన ఇండియా ఏదీ?" అని అడిగింది బుజ్జి, లేదు. ఆ రెండు కిలోమీటర్లూ కూర్చుని, ఆగి, చూసి, మొరాకో దగ్గర గోడల మీద పలకల పనితనం దగ్గర నుంచి చూసి, జపాన్ దగ్గర డప్పుల వాయిద్యం మొత్తం విని వచ్చాను. ముందురోజు నేను ఏం చూశానో అడిగితే నాకు గుర్తున్నది నేల. ఆ రోజు మాత్రం అన్నీ గుర్తున్నాయి. మధ్యలో ఒక రైడు దగ్గర స్కూటరు బయట పెట్టి లేచి నడుస్తుంటే జనం చూస్తున్నట్టనిపించి మొహం వేడెక్కింది. పక్కనే ఇంకో స్కూటరు మీద ఒక తెల్లావిడ, నా వయసే ఉంటుంది, నవ్వి "మోకాళ్ళా?" అని అడిగింది. మడమ చూపించాను. "నాకు తుంటి. మొదటి రోజు నాకూ అలాగే అనిపించింది" అని తన దారిన తను వెళ్ళిపోయింది. చిన్న మాటే, కానీ ఆ తర్వాత నాకు ఎవరివైపూ చూడాలనిపించలేదు.

స్కూటర్ ఉంది కదా అని అస్సలు నడవకుండా ఉండలేదు. పూర్తిగా కూర్చునే ఉంటే ఆ పట్టీ ఇంకా బిగుస్తుందని మా ఆడపడుచు కూతురు ఫోన్‌లో చెప్పింది. గంటకోసారి దిగి ఓ పది నిమిషాలు నడిచి, గోడకి చేతులానించి పిక్కలు సాగదీసి మళ్ళీ ఎక్కాను. నొప్పి మాత్రల సంగతి కూడా అడిగాను. నాకు బీపీ ఉంది, బ్రూఫెన్ లాంటివి రోజూ వేసుకోవద్దని గుంటూరులో మా డాక్టరుగారు ముందే చెప్పారు కాబట్టి పారాసిటమాలూ, పైన రాసుకునే డైక్లోఫెనాక్ జెల్లూ, అంతటితో సరిపెట్టుకున్నాను. మీ మందుల సంగతి మీ డాక్టర్ని అడక్కుండా ఎవరో చెప్పారని వేసుకోవద్దు, షుగరు ఉన్నవాళ్ళైతే కాలి విషయంలో మరీ జాగ్రత్త, అరికాలికి స్పర్శ తగ్గి ఉంటే ఐసు పెట్టినా బొబ్బలెక్కొచ్చు.

మూడో రోజు పార్కు లేదు. నాలుగు రోజుల టిక్కెట్టుని ఏడు రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు కాబట్టి రోజు వృథా కాలేదు, శనివారం దాకా హోటల్ ఉంది. నేను ఈత కొలనులో నడుము లోతు నీళ్ళలో అరగంట అటూ ఇటూ నడిచాను, ఒంటి బరువు తెలియదు, కాలికి ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. పొద్దున లేవడం మాత్రం అన్ని రోజులూ ఒకేలా: కళ్ళు తెరిచాక దిగకుండా, మంచం మీదే కాలు చాపి, చున్నీని అరికాలి ముందు భాగానికి ఉచ్చులా వేసి రెండు చివరలూ నా వైపు లాక్కుంటాను, వేళ్ళు నా మోకాలి వైపు వంగేలా. పది అంకెలు లెక్కపెట్టి వదలడం, అలా పదిసార్లు. ఏడో సారికి అరికాల్లో ఏదో వదులైనట్టు తెలుస్తుంది, వేడిగా ఉంటుంది. అప్పుడు మంచం పక్కనున్న చెప్పుల్లోకి నేరుగా కాళ్ళు దింపుతాను, వట్టి నేల మీదకి కాదు. ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ళ సీసా ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండేది, సాయంత్రం టీ తాగుతూ దాన్ని పాదం కింద దొర్లించేదాన్ని.

నాలుగో రోజు యానిమల్ కింగ్‌డమ్. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. చెట్ల నీడ, ఎగుడు దిగుడు దారులు, అలాంటి దారుల్లో కాలు మెలిక పడుతుంది కాబట్టి ఆ రోజు కూడా స్కూటరే. ఆసియా భాగంలో ఆనందపూర్ అని ఒక ఊరు కట్టారు, ఊహించి కట్టిందే గానీ పాత గోడలూ, రంగు వెలిసిన బోర్డులూ, తీగల మీద జెండాలూ చూస్తే మన వైపు ఏదో ఊళ్ళోకి వచ్చినట్టుంటుంది. అక్కడ పులుల్ని చూశాం. ఆఫ్రికా వైపు పెద్ద లారీ లాంటి బండిలో అడవిలో తిప్పే సఫారీకి ఎక్కినప్పుడు కుదుపులకి భయపడ్డాను. నడుం నొప్పి ఉన్నవాళ్ళకి కష్టమే గానీ మడమకి ఏమీ కాలేదు. మధ్యాహ్నం కాలు లాగుతుంటే ఫస్ట్ ఎయిడ్ సెంటర్‌కి తీసుకెళ్ళింది అమ్మాయి. ప్రతి పార్కులోనూ ఉంటుందట, మొదటి రోజు తెలియలేదు. నర్సమ్మ ఐసు ఇచ్చి, లోపల మంచం చూపించి "ఎంతసేపు కావాలంటే అంతసేపు పడుకోండి" అంది. డబ్బులేమీ తీసుకోలేదు. అరగంట కళ్ళు మూసుకున్నాను. నన్ను అక్కడ వదిలి వాళ్ళు ఎవరెస్టు పేరుతో ఉన్న రోలర్‌కోస్టర్ రైలు ఎక్కొచ్చారు, ఎక్కినంతసేపూ ఆయన కళ్ళు తెరవలేదని బుజ్జి వచ్చి చెప్పింది.

ఐదో రోజు హాలీవుడ్ స్టూడియోస్. నేను రానన్నాను. నోటితో, స్పష్టంగా, "ఇవాళ నేను హోటల్లో ఉంటాను, మీరు వెళ్ళిరండి" అన్నాను. అంత ఖరీదు టిక్కెట్టు వాడకుండా పోతుందని నాకూ ప్రాణం ఉసూరుమంది, అల్లుడు "పోనీలెండి అత్తయ్యా, సాయంత్రం మీతో ఒక పని ఉంది, దానికి కాలు దాచుకోండి" అన్నాడు. ఆ ఒక్కరోజు వదులుకోవడం మంచిపనే అయింది. అక్కడ ఎక్కువగా పెద్ద రైడ్లూ, నిలబడే క్యూలూ, నాకు వాటిలో సరదా లేదు. మీ ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్ళు "నేను రాను" అంటే బలవంతపెట్టకండి, అలాగని మొదటి రోజు నుంచే గదిలో వదిలేసి వెళ్ళకండి కూడా.

సాయంత్రం వచ్చి నన్ను ఎక్కించుకుని మళ్ళీ మ్యాజిక్ కింగ్‌డమ్ కారు పార్కింగ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఒక పార్కులో కట్టిన పార్కింగ్ డబ్బు ఆ రోజంతా మిగతా వాటికీ చెల్లుతుంది. లోపలికి వెళ్ళలేదు. ఫెర్రీ రేవు దగ్గర సరస్సుకి ఇవతలి గట్టున బెంచీ ఉంది, అక్కడ కూర్చున్నాం. స్కూటరు లేదు, ట్రామ్ దిగి నా కాళ్ళ మీద నేనే నడిచొచ్చాను. అవతలి గట్టున కోట వేలెడంత కనిపిస్తోంది. బాణసంచా మొదలైంది. దూరం కాబట్టి వెలుగు ముందొచ్చి చప్పుడు తర్వాత వస్తోంది, నీళ్ళలో ఇంకో బాణసంచా. బుజ్జి నా ఒళ్ళో తలపెట్టుకుంది. "అమ్మమ్మా, చూశావా?" అని అడగలేదు, సగంలోనే నిద్రపోయింది. నేను చివరిదాకా చూశాను, మడమ కింద మా అల్లుడు తన బ్యాగు పెట్టాడు.

తిరిగొచ్చాక వారం రోజులు కాలు బాగా సలిపింది, రెండో వారానికి ఎప్పటి స్థాయికి వచ్చింది. నొప్పి పోలేదు. చున్నీ, మెట్టు, చల్లటి సీసా నడుస్తూనే ఉన్నాయి, ఈసారి మానలేదు, ఏడు నెలలైంది. మొన్న మా అక్క ఫోన్ చేసి పండక్కి అందరం హైదరాబాద్‌లో కలిసి రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్దామంది. అక్కడ బస్సుల్లో తిప్పుతారు గానీ దిగి నడిచేది కూడా ఉంటుంది. "వస్తానక్కా, కానీ నాకు మడమ నొప్పి. మధ్యాహ్నం ఒక గంట ఎక్కడైనా కూర్చోవాలి, క్యూలో ఎక్కువసేపు నిలబడలేను" అన్నాను. అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నాకు ఏడాదిగా మోకాళ్ళు పట్టేస్తున్నాయే. పిల్లలకి చెప్పలేదు" అంది.